కొండలు లేని సీమలో కార్తీక సంచారం

కొండల మీదుగా, సరస్సుల ఒడ్డువెంట పొద్దస్తమానం నడిచి దీపాలవేళకు ఇల్లు చేరే శరత్కాలపు నడకలను గురించి అరకు వెళ్ళివచ్చినవారో, కొడైకెనాలు చూసివచ్చినవారో వ్రాసినది చదివినప్పుడల్లా, కృష్ణా డెల్టాలో పుట్టినవాడు కాస్త చిన్నబుచ్చుకోవడం సహజమే. మాకు కొండ అంటే బెజవాడ కొండే. ఇంద్రకీలాద్రిని వెనక్కు వదిలి తూర్పుదారి పట్టిన మనిషికి బందరు రేవు దాకా ఎదురయ్యేదంతా ఒకే సమతలం: చేను, గట్టు, కాలువ, మళ్ళీ చేను. గుడివాడలోనో, అవనిగడ్డలోనో పెరిగిన పిల్లవాడు కనకదుర్గమ్మ మొక్కు తీర్చడానికి పెద్దవాళ్ళ వెంట వెళ్ళినప్పుడు గాని కొండను కళ్ళారా చూడడు.

అయినా ఏటా ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం ప్రవేశించే వేళకు నేనూ ఒక చేతిసంచీ, ఒక మంచినీళ్ళ సీసా పట్టుకుని బయలుదేరుతాను. వానలు వెనుకపట్టి, దారి గట్టిపడి, ఎండ ఇంకా మెత్తగా ఉండే ఆ కొద్ది వారాలే మా వైపు నడకకు అనువైన కాలం (తుఫాను పట్టకపోతేనే సుమా, ఆ సంగతికి తరువాత వస్తాను). కొన్నేళ్ళు ఇలా తిరిగాక నాకు తెలిసివచ్చినదేమంటే, మా సీమలోనూ కొండలున్నాయి, సరస్సులున్నాయి. కాకపోతే ఇక్కడి కొండలు భూమిలోంచి పుట్టినవి కావు. చాలావాటిని మనుషులు మట్టీ ఇటుకా మోసుకొచ్చి లేపారు. తరువాత మనుషులే వాటిని తవ్వి మోసుకుపోయారు. నేను వ్రాయదలచుకున్నది ఈ రెండు మోతలను గురించే.

ముందుగా మాటల సంగతి. ఎత్తు అరుదైనచోట దానికి పేర్లు ఎక్కువ. నీరెక్కని పొలం మెరక, నీరు నిలిచేది పల్లం. ఏటి నడుమ ఒండ్రుతో లేచిన నేల లంక. సముద్రపుటొడ్డున ఇసుక మేటవేసి లేచినది తిప్ప. నీటి మధ్య నిలదొక్కుకున్న గట్టినేల గడ్డ. జనం విడిచిపోయిన పాత ఊరి ఆనవాలుగా మిగిలిన మట్టికుప్ప పాటిదిబ్బ. దివిసీమ పటం ఒకసారి పరచి చూడండి: అవనిగడ్డ, పులిగడ్డ, నాగాయలంక, పాలకాయతిప్ప. ఊళ్ళకు పేర్లు పెట్టినవారు గుళ్ళనూ దేవుళ్ళనూ కాదు, ముందు ఎత్తును చూసుకున్నారు. కొండప్రాంతం వారికి వంద అడుగులు లెక్కలోకే రావు. మా వైపు మూడడుగుల తేడాకు ఒక పేరు, ఒక సర్వే నెంబరు, తరచుగా ఒక కోర్టు వ్యాజ్యం కూడా ఉంటాయి.

ఈ సమతలం ఎంత సమతలమో తెలుసుకోవాలంటే గుడివాడ నుండి కైకలూరు దారిలో కొల్లేటికి వెళ్ళాలి. కృష్ణ ఒకవైపు, గోదావరి ఒకవైపు వేలాది సంవత్సరాలు ఒండ్రు మోసుకొచ్చి సముద్రంలోకి తమ తమ డెల్టాలను పెంచుకుంటూ పోగా, రెండింటి నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ళు అందులో పడతాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. ఇప్పుడొక లెక్క చూడండి. సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూరు వరకు తీసుకుంటే కొల్లేటి వైశాల్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. పదడుగుల కాంటూరు వరకు తీసుకుంటే 901 చదరపు కిలోమీటర్లు. అంటే మనిషి నిలువెత్తుకన్న తక్కువ తేడాలో సరస్సు మూడింతలవుతుంది! హిమాలయాలలో ఒక మడుగు నీరు అయిదడుగులు లేస్తే ఒడ్డున నాలుగు బండలు మునుగుతాయి. ఇక్కడ మండలాలు మునుగుతాయి.

1999లో అయిదడుగుల కాంటూరు లోపలి భాగాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు రాంసార్ ఒడంబడిక జాబితాకెక్కింది. అప్పటికే లోపల ఎటు చూసినా చేపల చెరువులు. 2006లో ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ చెరువుల గట్లను పేల్చివేయించింది. ఆ గీతను అయిదు నుండి మూడడుగులకు దించాలని 2008లో శాసనసభ తీర్మానిస్తే, తరువాత కేంద్రం నియమించిన నిపుణుల సంఘం అందుకు సమ్మతించలేదు. వేరేచోట్ల కాంటూరు రేఖ భూగోళం మాస్టారి పాఠం. కొల్లేటి లంకల్లో అది ఎన్నికల వాగ్దానం. గట్ల మీద నడుస్తూ మాట కలిపితే, బడి ముఖం చూడని ముసలివారు కూడా ‘అయిదో కాంటూరు’ అని అలవోకగా అంటారు. ఎవరి పొలం ఆ గీతకు ఏ వైపున ఉందన్నదే వారి బతుకు కాబట్టి, ఆ మాట వారికి కొత్తది కాదు.

కార్తీకంలో ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు కట్టే హడావిడి ఒక పూటంతా చూడదగినదే గాని, నా మనసు మాత్రం కొల్లేటికోట వైపే పోతుంది. సరస్సు నడుమ ఆ లంకమీద పెద్దింట్లమ్మ గుడి ఉన్నది. ఒకనాడు అక్కడ గజపతుల కోట ఉండేదని ప్రతీతి. శత్రుసేన కోటను పట్టలేక, సరస్సు నీటిని సముద్రంలోకి వదలడానికి కాలువ తవ్వించిందనీ, ఆ పని నెరవేరడానికి ఒక ఆడపడుచు బలి అయిందనీ, అందుకే ఆ నీటిదారికి పేరంటాళ కనుమ అని పేరు వచ్చిందనీ స్థానికులు చెప్పే కథ. కథలోని చరిత్ర ఎంతో తేల్చడం నా తరం కాదు. నన్ను నిలిపివేసినది ‘కనుమ’ అన్న మాట. కనుమ అంటే రెండు కొండల నడిమి దారి కదా. కొండే లేనిచోట నీటిదారికి ఆ పేరు పెట్టుకున్న జనం సరస్సుకు అటూ ఇటూ ఉన్న మెరకలను కొండలుగానే ఎంచారన్నమాట.

ఇక గుడివాడ. ఊరి బస్టాండులో దిగిన కొత్తవారికి ఇక్కడ రెండువేల ఏళ్ళ కిందటి ఊరొకటి ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఊరి నడుమ ఒక బౌద్ధ స్తూపపు శిథిలం, దానిలో దొరికిన నాలుగు ధాతు కరండాలు, పడమటగా చెక్కుచెదరని జైన విగ్రహం, ఇంకా పడమటికి వెళితే పాత ఊరి పాటిదిబ్బ, ఆ దిబ్బలో మట్టిపాత్రల పెంకులు, రాతిపూసలు, గాజుపూసలు, ఆంధ్ర రాజుల నాణేలు. బ్రిటిషు కాలపు గెజెటీరులో గుడివాడను గురించి ఉన్న నాలుగు వాక్యాల సారాంశం ఇది. స్తూపపు దిబ్బను జనం లంజదిబ్బ అనేవారు. ఒక్క గుడివాడే కాదు, ఘంటసాలలోనూ, ఏటికి ఆవల భట్టిప్రోలులోనూ ఇలాంటి దిబ్బలకు ఇదే పేరు. పేరు వెనుక కథలు ఊరికొకటి ఉన్నాయి. భిక్షువులు వెళ్ళిపోయి, వారి మాట మరుగునపడి, ఆ ఎత్తు ఎవరిదో ఊరికి తెలియకుండా పోయాక, ఎవరో ఒకరిని దానికి యజమానురాలిని చేయవలసివచ్చిందని నా ఊహ. పేరు చెప్పడానికి నేడు కొందరు సంకోచిస్తారు. పురావస్తుశాఖ జాబితాలో మాత్రం ఏ సంకోచమూ లేకుండా అలాగే ఉన్నది.

పాటిదిబ్బల తవ్వకం మా వైపు కొత్త సంగతి కాదు. తరతరాల మనుషులు, పశువులు మసలిన చోటు కాబట్టి ఆ మట్టిలో సారం ఎక్కువ. ఎండాకాలంలో బండ్లకు ఎత్తి పొలాలకు తోలేవారు. దాన్నే పాటిమన్ను అనేవారు. నాణేలూ పూసలూ చాలా వరకు అలా నాగలి కొనకే బయటపడ్డాయి. రైతును తప్పుపట్టలేం. అతనికి అది ఎరువు. తాతల ఊరు మనుమల చేనులో కలిసి వరి అయింది. అందులో ఒక న్యాయం కూడా ఉన్నట్టు నాకు తోస్తుంది. తరువాత జరిగినది వేరు.

అది తెలుసుకోవడానికి ఆనకట్ట దగ్గరకు వెళ్ళాలి. 1852లో మొదలై 1855కు పూర్తయిన కృష్ణ ఆనకట్టను ఆర్థర్ కాటన్ ఆలోచన మీద కెప్టెన్ ఛార్లెస్ ఆర్ కట్టించాడు. అటు సీతానగరం కొండ, ఇటు ఇంద్రకీలాద్రి ఉండగా రాతికి కొదవ ఏముంది? కాని ఆనకట్ట నుండి కాలువలు బయలుదేరి డెల్టాలోకి దిగాక లాకులు, తూములు, వంతెనలు, రోడ్లు కట్టాలి. నల్లరేగడిలో వానకాలం బండి ఇరుసు దాకా దిగబడుతుంది. రోడ్డు వేయాలంటే కంకర కావాలి. అక్కడ రాయి లేదు. ఊరి పక్కన మాత్రం దిబ్బ ఉన్నది. దిబ్బ నిండా పెద్ద పెద్ద ఇటుకలు, వాటి మీద తెల్లని చలువరాతి పలకలు. ఎవరూ అడగరు, ఎవరికీ వెల కట్టనక్కరలేదు. కృష్ణా మండలంలో ఎన్ని స్తూపాలు రోడ్ల కింద కంకరగా పరుచుకుపోయాయో ఊహించుకోవలసిందే. గుడివాడ స్తూపానికీ ఆ గతే పట్టింది. భట్టిప్రోలులో పీఠం దగ్గర 148 అడుగుల వ్యాసం గల మహాస్తూపపు అండాన్ని రోడ్డు ఇటుకకోసం పడగొట్టి, దాని చలువరాళ్ళను వెల్లటూరు వద్ద కాలువ తూముకు వాడారు. ఇంత జరిగాక కూడా 1892లో అలెగ్జాండర్ రే ఆ మిగులులో తవ్వితే బ్రాహ్మీ లిపిలో వ్రాసిన ధాతు కరండాలు బయటపడ్డాయి. తెలుగు లిపి చరిత్ర చెప్పేవారు ఎవరూ ఆ శాసనాలను దాటి వెళ్ళలేరు. కరండాలు దిబ్బ లోతున ఉండబట్టి బతికిపోయాయి గాని, మరొక్క మైలు రోడ్డు అవసరమై ఉంటే ఏమయ్యేదో.

ఇందులో ఇంజనీర్లను మాత్రమే ఆడిపోసుకోవడం న్యాయం కాదనిపిస్తుంది. కాలువ రాకముందు ఇది కరువులకు తల్లడిల్లిన నేల. ఆ రోడ్డు మీదనే ధాన్యం బండి కదిలింది. నేను నడిచేదీ అదే రోడ్డు. కాని ఒకటి మాత్రం మరువలేం. ఆ చలువరాయి డెల్టాలో పుట్టినది కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో పల్నాటి ప్రాంతపు సున్నపురాతిని పడవల మీద కృష్ణలో దింపి, రాయి లేని ఈ నేలకు చేర్చారు. ఒక కాలం మనుషులు ఏటివెంట అంత దూరం మోసుకొచ్చినదాన్ని మరొక కాలం మనుషులు గుండ చేసి దారిలో పోశారు.

ఘంటసాల చూస్తే ఆ మోత ఎంతటిదో తెలుస్తుంది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంటిపేరుగా తెలుగువారందరికీ ఈ పేరు తెలుసు (ఆయన పుట్టినది మాత్రం గుడివాడ దగ్గరి చౌటపల్లిలో, 1922లో). ఊరిగా దాని వయసు అంతకు ఎంతో పెద్దది. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళకర్త టాలెమీ, మైసోలస్ నది ముఖద్వారానికి పక్కన కంటకోస్సిల అనే వర్తకపట్టణాన్ని పేర్కొన్నాడు. ప్రాకృత శాసనాలలో కనిపించే కంటకసేల ఇదే. ఇక్కడ దొరికిన ఒక స్తంభశాసనంలో దాత తనను మహానావికుడనని చెప్పుకున్నాడు. శివకుడు అతని పేరు. ఓడ నడిపినవాడు, తీరం కానరాని నీళ్ళమీద దిక్కు చూసుకున్నవాడు, ఒడ్డుకు వచ్చి ఒక ఎత్తైన కట్టడానికి రాయి నిలబెట్టించాడు. అంతటి ఎత్తు ఈ చదునునేల మీద ఎంత దూరం కనిపించేదో చూడాలని ఉంటుంది నాకు. రేవుకు వచ్చే ఓడలకు అది గుర్తుగా పనికివచ్చేదనడానికి ఆధారం లేదు. నడిచేవాడి ఊహగానే తీసుకోండి. ఈనాడు ఘంటసాల నుండి సముద్రం చూడాలంటే ఒక పూట ప్రయాణం చేయాలి. నది సముద్రాన్ని నెట్టుకుంటూ పోయింది. ఊళ్ళోని శివుడు మాత్రం ఇప్పటికీ జలధీశ్వరుడే.

రే ఇక్కడి దిబ్బను కూడా తవ్వి, భట్టిప్రోలు, గుడివాడలతో కలిపి 1894లో గ్రంథం ప్రచురించాడు. అతడు గీసిన ఘంటసాల స్తూపపు పటం చూస్తే బండిచక్రం గుర్తుకొస్తుంది. నడుమ కుంభిలాగా ఒక చతురస్రపు కట్టడం, చుట్టూ వలయాలుగా గోడలు, వాటిని కలుపుతూ ఆకుల్లాగా అడ్డగోడలు, మధ్య గదుల్లో కూరిన మట్టి. ధర్మచక్రం అని వ్యాఖ్యానించడం తేలిక, కావచ్చు కూడా. కాని డెల్టా మేస్త్రీకి ఇంకో సంగతి వెంటనే స్ఫురిస్తుంది. ఒండ్రునేల బరువు మోయలేదు, పెద్ద కట్టడం ఒకపక్కకు ఒరుగుతుంది. మొత్తం ఇటుకే పేరిస్తే ఇటుక చాలదు. గోడలను చక్రంలా కట్టి నడుమ మట్టి నింపితే ఖర్చు తగ్గుతుంది, నిలకడా వస్తుంది. కొండను ఎలా కట్టాలో ఇక్కడివారు నేర్చుకున్న తీరు అది. ఆ స్తూపానికి తొడిగిన శిల్పాలలో కొన్ని ప్యారిస్‌లోని గిమే మ్యూజియం చేరాయి. ఘంటసాల చేలగట్టు మీద నిలబడి ఆ మాట తలచుకుంటే మనసు అదోలా అవుతుంది. రోడ్డు కింద పడనందుకు సంతోషించాలో, సముద్రం దాటినందుకు విచారించాలో తెలియదు.

అక్కడి నుండి కృష్ణ ఒడ్డుకు నడిస్తే శ్రీకాకుళం వస్తుంది (ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు). కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఆగి, హరివాసరం నాడు ఉపవసించి, నిద్రలో ఆంధ్రమహావిష్ణువు ఆనతి పొంది ఆముక్తమాల్యద వ్రాశానని తానే చెప్పుకున్నాడు. ఆ కావ్యంలో వర్ష, శరదృతువుల వర్ణన చదివినవారికి రాయలు బురదలో నడిచినవాడని అర్థమవుతుంది. అంతఃపురంలో కూర్చున్నవాడికి ఆ పల్లెపట్టు వివరాలు దొరకవు. కరకట్ట ఎక్కి చూస్తే లంకల నిండా రెల్లు పూసి, ఏటి నడుమ ఎవరో తెల్లదుప్పట్లు ఆరవేసినట్టు ఉంటుంది. ఇటువైపు దిగువన వరి పొట్టమీద ఉంటుంది. ఈ కరకట్ట కూడా మనుషులు పోసిన మట్టే. దిబ్బ కింది ఊరికి చరిత్ర అయితే, కట్ట ఈనాటి ఊరికి ప్రాణం. వరదరోజుల్లో దానికి కాపలా కాసినవారిని అడగండి, చెబుతారు.

బందరులో కొండ ఒకటి కట్టారన్న సంగతి బందరువారిలోనే చాలామందికి తెలియదు. 1790ల చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చి, కొత్త ఊరికి ఇటుక కోసం దీపాలదిన్నెను తవ్వించడంతో అమరావతి మహాస్తూపం వెలుగుచూసింది. కాలిన్ మెకంజీ 1798లో ఒకసారి చూసి, 1816లో తిరిగివచ్చి పటాలు గీయించాడు. రాళ్ళు కొన్ని ఏటిదారిన బందరు చేరాయి. ఆ కాలంలోనే బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ పట్టణంలో కొత్త పేట వేయించి, దాని నడుమ ఒక దిబ్బ కట్టించి, చుట్టూ అమరావతి శిల్పాల పలకలు అలంకారంగా నిలిపాడు. ఇంగ్లీషు పత్రాలలో ‘రాబర్ట్‌సన్ దిబ్బ’ అని కనిపించేది అదే. నిజమైన దిబ్బను తవ్వి, ఆ రాళ్ళతో ఉత్తుత్తి దిబ్బ కట్టడం! 1830లలో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ వచ్చి చూసి వాటి విలువ గుర్తించాడు. చివరకు అవి మద్రాసు మ్యూజియానికి తరలిపోయాయి. దిబ్బా పోయింది, రాళ్ళూ పోయాయి. రాబర్ట్‌సన్‌పేట మిగిలింది. కోనేరు సెంటరు నుండి అటు నడిచే మనిషికి అమరావతి బుద్ధుడు కొంతకాలం ఈ వీధిలో ఉన్నాడని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఇంతకూ బందరువారు దిబ్బను అలంకారంగా చూసిన కాలం ఎంతో నిలవలేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనతో ఎత్తు అన్నమాటకు ఇక్కడ అర్థం మారిపోయింది. దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులు. అమావాస్య పోటు ఎలాగూ ఉంది. దానిపై తుఫాను తోడై, పెద్ద పోటుమట్టానికి పదమూడు అడుగుల ఎత్తున సముద్రం ఊరిమీదకు లేచింది. తీరం వెంట ఎనభై మైళ్ళు, లోనికి ఎక్కువలో ఎక్కువ పదిహేడు మైళ్ళు నీరు కమ్మింది. సుమారు 30,000 మంది పోయారని నాటి లెక్క. పదమూడు అడుగులు! కొండప్రాంతంలో అది ఒక చింతచెట్టు మొదలు దాటదు. ఇక్కడ దాన్ని ఎదిరించే ఎత్తు కోటగోడలకు కూడా లేకపోయింది. మరుసటి ఏడు బందరుకోట నుండి సైన్యాన్ని ఎత్తివేశారు. గోల్కొండ సుల్తానుల రేవుగా, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకులు ఒకరినొకరు తోసుకున్న పట్టణంగా ఉండిన బందరు మళ్ళీ ఆ వైభవం చూడలేదు. కోట దగ్గర ఉప్పునేల మీద ఇప్పుడు నడిస్తే, శిథిలాల మధ్య కాలికి తగిలేదంతా చవుడూ గవ్వలే.

ఈ ఉప్పెన కార్తీకమాసంలో వచ్చిందన్న సంగతి నడకల వ్యాసంలో దాచకూడదు. మా శరత్తు రెండు ముఖాలది. ఆకాశం తేటపడేదీ ఇప్పుడే, బంగాళాఖాతంలో వాయుగుండం ముదిరేదీ ఇప్పుడే. వరి చేతికందే వేళకే అది వస్తుంది. 2025లో కూడా దీపావళి అయిన వారం రోజులకు, అక్టోబరు 28 రాత్రి, మోంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటింది. మా వైపు ముసలమ్మలు కార్తీకదీపం నీళ్ళలో వదిలి, అది ఆరకుండా ఎంతదూరం పోతుందో చూస్తారు. గాలి ఏ దిక్కునుండి తిరుగుతోందో కూడా అదే చూపుతో కనిపెడతారు.

చివరి నడక దివిసీమలో. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రం దాకా ఈ సీమను తన చేతుల మధ్య పట్టుకుంటుంది. నాగులచవితి నాడు, అంటే కార్తీక శుద్ధ చవితినాడు, మోపిదేవికి వెళితే పుట్టలో పాలు పోయడానికి వచ్చిన జనంతో దారి నిండిపోతుంది. ఇక్కడి సుబ్రహ్మణ్యేశ్వరుడు పుట్టలో వెలసిన దేవుడు. కొండ మీద వెలసే స్వామి కొండ లేనిచోట పుట్టలో వెలిశాడని నవ్వుతూ అనేవారున్నారు. నాకు అది నవ్వుమాటగా తోచదు. పొలమంతా మునిగినప్పుడు పాము మెరక వెతుక్కుంటుంది. పాముకు ఎక్కడ మెరక దొరుకుతుందో చూసి ఇల్లు వేసుకున్న జనం పుట్టకు మొక్కడంలో వింత లేదు.

అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా దక్షిణానికి పోతే నేల ఇంకా దిగుతుంది. వరి పలుచబడి, రొయ్యల చెరువులు వచ్చి, తుమ్మ, సరుగుడు, ఇసుక. అక్కడి ఊళ్ళలో 1977 నవంబరు 19ని తారీఖు చెప్పి గుర్తు చేయనక్కరలేదు. ‘ఉప్పెన’ అంటే చాలు. అది శనివారం, కార్తీక శుక్లపక్షం. నూటపదమూడేళ్ళ తరువాత అదే మాసంలో సముద్రం మళ్ళీ లేచింది. నీరు సుమారు పదిహేను అడుగుల ఎత్తున ఊళ్ళమీదకు వచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. జనం చెప్పుకునే లెక్క అంతకు చాలా ఎక్కువ. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు పల్లెలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పేరులో తిప్ప ఉన్న ఊరికి కూడా ఆ ఎత్తు చాలలేదు. బతికినవారిలో ఎందరో తాటిచెట్టునో, తుమ్మకొమ్మనో, గుడి కప్పునో పట్టుకుని బతికారు. ముళ్ళకంప చీరుకుపోయినా వదలలేదని చెప్పేవారు. అప్పటి మంత్రి, అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు ఆ రోజుల్లో చేసిన సేవను ఇక్కడివారు ఈనాటికీ తలచుకుంటారు.

ఆ తరువాతే ఈ తీరమంతటా తుఫాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద నిలిపిన కాంక్రీటు భవనాలు; కింద ఖాళీ, నీరు వస్తే అడ్డు లేకుండా పోవడానికి. పైన గదులు, ఆపైన డాబా. మామూలు రోజుల్లో చాలావాటిలో బడి నడిచేది. ఈ భవనాల శిల్పం గురించి ఎవరూ వ్యాసాలు వ్రాయలేదు. చూడ్డానికి అందంగా ఉండవు, చాలావాటికి ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతున్నాయి. నాకు మాత్రం ఘంటసాల స్తూపం తరువాత ఈ నేలమీద మనుషులు పూనుకుని కట్టిన కొండలు ఇవే అనిపిస్తాయి. అక్కడ ఇటుక చక్రం, ఇక్కడ కాంక్రీటు స్తంభం. మెత్తని నేలమీద ఎత్తును ఎలా నిలబెట్టడమన్న చిక్కు మాత్రం ఒక్కటే. స్తూపాలను రోడ్లకు తవ్వుకున్నవారి మనుమలమే మనం. ఈ కొండలకు ఏటా సున్నం, సిమెంటు అయినా అందుతున్నాయో లేదో చూడవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది.

క్రితం కార్తీకంలో హంసలదీవి వెళ్ళి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, సాగరసంగమం వైపు నడిచి తిరిగివస్తూ దారిపక్కనున్న అలాంటి ఒక షెల్టరు మెట్లెక్కాను. తాళం లేదు. పైన వడ్లు ఆరబోసి ఉన్నాయి. కాపలా కూర్చున్న ముసలాయన, “పైకిరండి బాబూ, గాలి బాగుంటది” అన్నాడు. డాబా అంచున నిలబడితే పడమట ఏరు, దక్షిణాన సముద్రం, ఉత్తరాన అవనిగడ్డ దాకా చేలు. మూడూ ఒకే మట్టంలో ఉన్నట్టు కనిపించాయి. ఆ రోజు నీళ్ళు ఎంతదాకా వచ్చాయని అడిగాను. ఆయన లేచి, ఎక్కివచ్చిన మెట్ల వైపు నడిచి, సగానికి పైన ఒక మెట్టు చూపించాడు. “అప్పటికి ఇది లేదుగా మరి” అని వచ్చి మళ్ళీ వడ్ల దగ్గర కూర్చున్నాడు. కోడూరు బస్సు అయిదున్నరకు ఉందని కూడా ఆయనే చెప్పాడు.